ముద్ద తగ్గించే ముందు లెక్క చూసుకుందాం
(బరువు తగ్గాలనుకునేవారికి రోజువారీ కేలరీల వివరం)



"ఆరోగ్యమే మహాభాగ్యం" అని మన స్టడీ హాలు గోడ మీద నీలం రంగుతో రాసి ఉండేది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేళ్ళు ఆ గోడకు ఎదురుగా కూర్చుని చదువుకున్నాను. ఆ మాటకు అర్థం మాత్రం ఎమ్మెస్సీలో చేరాక, ఒకరోజు ల్యాబ్‌లో కళ్ళు తిరిగి పడిపోయాక తెలిసింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మొన్న సంక్రాంతి సెలవులకు ఊరొచ్చినప్పుడు హాస్టల్‌కి వచ్చాను. తొమ్మిదో తరగతి చెల్లెలు ఒకమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "అక్కా, సన్నబడాలంటే రోజుకు ఎన్ని కేలరీలు తినాలి? వెయ్యి చాలంటగా?" అని అడిగింది. పదిహేను రోజులుగా రాత్రి అన్నం మానేస్తోందని తర్వాత దాని స్నేహితురాలు చెప్పింది. నేను అప్పటికప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసమే ఆ జవాబు.

ఇంతకీ కేలరీ అంటే ఏమిటి?

కేలరీ అంటే తిండిలో ఉండే వస్తువు కాదు, అది ఒక కొలత. బియ్యాన్ని కిలోల్లో, దూరాన్ని కిలోమీటర్లలో కొలిచినట్టే తిండి ఇచ్చే శక్తిని కేలరీల్లో కొలుస్తాం. ఒక గ్రాము పిండిపదార్థం సుమారు 4 కేలరీలు, ఒక గ్రాము మాంసకృత్తులు 4 కేలరీలు, ఒక గ్రాము కొవ్వు 9 కేలరీలు ఇస్తాయి. అంటే చెంచాడు నూనె, చెంచాడు పంచదార చూడ్డానికి ఒకటే చెంచా అయినా నూనెలో 45, పంచదారలో 20 కేలరీలు ఉంటాయి.

ఈ శక్తి కండరంలో ఎలా ఖర్చవుతుందో కనిపెట్టినవారిలో మన గోదావరి బిడ్డ ఒకరున్నారు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1920ల చివరలో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలపై పరిశోధించారు. ఏ.టి.పి.ని శరీరంలో చలామణీ అయ్యే చిల్లర డబ్బు అనుకోవచ్చు. మనం తిన్న అన్నం చివరికి ఆ చిల్లరగా మారి గుండె కొట్టుకోవడానికి, ఊపిరి తీయడానికి, నడవడానికి ఖర్చవుతుంది. మిగిలినది కొవ్వుగా దాచుకుంటుంది. కరువు రోజుల్లో ఆ దాపు మన తాతముత్తాతలను బతికించింది. కూర్చుని చేసే ఉద్యోగాలు, చదువులు వచ్చాక అదే దాపు మనకు బరువవుతోంది.

మా అమ్మ పళ్ళెం, నా పళ్ళెం

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. అమ్మ నాట్లకు, కలుపులకు వెళుతుంది. నాన్న మిల్లులో బస్తాలు మోసేవాడు. "బరువు తగ్గాలి" అనే మాట మా ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. "చిక్కిపోయావే" అన్న మాటే వినపడేది. అమ్మ పూటకు పళ్ళెం నిండా అన్నం తింటుంది. అయినా యాభై కిలోలు దాటదు. నేనూ అదే పళ్ళెంలో అంతే అన్నం తినేదాన్ని. పీజీలో చేరిన ఏడాదికి 155 సెంటీమీటర్ల ఎత్తుకు 68 కిలోలయ్యాను.

తేడా ఎక్కడుంది? పళ్ళెంలో లేదు, పనిలో ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో మన దేశస్థులకు రోజుకు ఎంత శక్తి కావాలో లెక్కలు ఇచ్చింది. 55 కిలోల స్త్రీ కూర్చుని పని చేస్తే 1660 కేలరీలు, ఒక మోస్తరు పని చేస్తే 2130, బరువు పని చేస్తే 2720 కావాలి. 65 కిలోల పురుషుడికి ఇవే అంకెలు 2110, 2710, 3470. చూశారా? ఒకే బరువున్న ఇద్దరు స్త్రీల మధ్య వెయ్యి కేలరీల తేడా ఉంది. వంగి నాటు వేసే అమ్మ తినే అన్నాన్ని, లైబ్రరీలో కూర్చునే కూతురు తింటే ఆ మిగులు ఎక్కడికి పోతుంది?

దానికి తోడు రాత్రి పన్నెండింటికి టీ, బిస్కెట్లు, సాయంత్రం బజ్జీలు. వాటిని నేను తిండి కింద లెక్కేసేదాన్నే కాదు. తిండి అంటే అన్నమే కదా మనకు!

ముందు బరువు తగ్గాలా వద్దా తేల్చుకోండి

అద్దంలో చూసుకునో, ఎవరో "బొద్దుగా ఉన్నావ్" అన్నారనో తగ్గడం మొదలుపెట్టకూడదు. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించండి. వచ్చిన అంకెను బి.ఎం.ఐ. అంటారు. నా లెక్క 68ని 1.55తో రెండుసార్లు భాగిస్తే 28.3. పెద్దవాళ్ళలో 18.5 కంటే తక్కువైతే బక్కతనం. మన దేశస్థులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని వైద్యులు లెక్కిస్తారు. పాశ్చాత్యులకు ఈ అంకెలు 25, 30. మనవాళ్ళకు తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు చేరి, షుగర్, బి.పి. వస్తాయి కాబట్టి మన గీత కిందికి జరిగింది.

నడుము కొలత కూడా చూసుకోవాలి. స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. మా నాన్నను చూసి ఎవరూ లావు అనరు. కాళ్ళూ చేతులూ సన్నం, పొట్ట ఒక్కటే ముందుకు ఉంటుంది. నలభై నాలుగో ఏట షుగర్ వచ్చింది. అప్పుడే డాక్టరు గారు నా వైపు చూసి, "నువ్వూ జాగ్రత్తపడాలమ్మా" అన్నారు. నేను బరువు గురించి ఆలోచించడం అలా మొదలైంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. ఈ 18.5, 23 అంకెలు పెద్దవాళ్ళవి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు వయసును బట్టి వేరే పట్టికలు ఉంటాయి. హాస్టల్లో ఉన్న చెల్లెళ్ళు ఈ లెక్కతో తమను తాము కొలుచుకోవద్దు.

నేను చేసిన తప్పు

డాక్టరు గారు జాగ్రత్తపడమంటే నేను తిండి మానేశాను. ఉదయం టీ, మధ్యాహ్నం కొంచెం అన్నం, రాత్రి ఒక అరటిపండు. తర్వాత లెక్కేస్తే రోజుకు 700 కేలరీలు కూడా లేవు. మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గాను. ఎంత సంతోషమో! అందులో ఎక్కువ భాగం నీరని అప్పుడు తెలియదు. మన కాలేయంలో, కండరాల్లో కొంత పిండిపదార్థం నీటితో కలిసి నిల్వ ఉంటుంది. తిండి ఆపగానే ముందు అది ఖాళీ అవుతుంది, దాంతో పాటే నీరూ పోతుంది.

తొమ్మిదో రోజు ల్యాబ్‌లో నిలబడి ఉండగా కళ్ళు తిరిగి పడిపోయాను. స్నేహితురాళ్ళు మంచినీళ్ళు పట్టి లేపారు. ఆ రాత్రి మెస్‌లో ఎంత తిన్నానో నాకే గుర్తు లేదు. నెల తిరిగేసరికి పోయిన రెండు కిలోలకు ఇంకో కిలో కలిసి వచ్చింది.

నాకు మనోబలం లేదని ఏడ్చాను. కానీ అది మనోబలానికి సంబంధించినది కాదని చదువుకున్నాక అర్థమైంది. 1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి ఇష్టంతోనే, 24 వారాలపాటు తిండి తగ్గించి చూశాడు. రోజుకు సుమారు 1570 కేలరీలు ఇచ్చి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించాడు. వాళ్ళ బరువు నాలుగో వంతు తగ్గింది. దాంతో పాటు చలి, నీరసం, దిగులు, చిరాకు పట్టుకున్నాయి. పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచనలు. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని చదువుకున్నారు. శరీరం ఖర్చు తగ్గించుకుని, ఆకలిని పెంచుకుంది. గట్టి మనసున్న యువకులకే అలా జరిగితే నేనెంత?

ఇందులో ఇంకో సంగతి గమనించండి. వాళ్ళను అంత చిక్కించిన 1570 కేలరీలు, తర్వాత నేను నాకు పెట్టుకున్న లక్ష్యానికి దాదాపు సమానం! వాళ్ళకు అంతకుముందు రోజుకు సుమారు 3200 అవసరమయ్యేవి, కాబట్టి సగానికి కోత పడింది. నాకు అది ఐదో వంతు కోత మాత్రమే. అందుకే "అందరికీ 1200", "అందరికీ వెయ్యి" అనేవి తప్పు. ఒకరి లక్ష్యం ఇంకొకరికి పస్తు కావచ్చు.

లక్ష్యం ఎలా పెట్టుకోవాలి?

దీనికి మూడు మెట్లు ఉన్నాయి. కాగితం, పెన్సిలు చాలు.

మొదటి మెట్టు: విశ్రాంతిగా పడుకుని ఉన్నా శరీరానికి కావలసిన శక్తి. 1990లో వచ్చిన మిఫ్లిన్ సూత్రం దీనికి బాగా వాడతారు. బరువును 10తో, ఎత్తును (సెంటీమీటర్లలో) 6.25తో హెచ్చించి, రెండూ కలపాలి. అందులోంచి వయసును 5తో హెచ్చించి తీసేయాలి. తర్వాత స్త్రీలైతే ఇంకో 161 తీసేయాలి, పురుషులైతే 5 కలపాలి. నా లెక్క ఇలా వచ్చింది: 680 + 969 – 115 – 161 = 1373.

రెండో మెట్టు: పని. ఎక్కువసేపు కూర్చుని, కాస్త నడిచేవారు పై అంకెను 1.4తో హెచ్చించాలి. రోజంతా తిరిగే పని అయితే 1.6 నుంచి 1.8 దాకా. నాకు 1373ని 1.4తో హెచ్చిస్తే సుమారు 1920. అంటే 1920 తింటే నా బరువు ఉన్నచోటే ఉంటుంది. ఈ సూత్రం విదేశీయులను కొలిచి తయారుచేసినది. మనవాళ్ళకు అసలు ఖర్చు కొంచెం తక్కువే ఉండవచ్చు. కాబట్టి దీన్ని అంచనాగానే తీసుకోవాలి.

మూడో మెట్టు: కోత. ఆ అంకెలోంచి 300 నుంచి 500 మాత్రమే తగ్గించాలి. నేను 400 తగ్గించి 1500 పెట్టుకున్నాను. ఒక కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయి. రోజుకు 500 తగ్గిస్తే వారానికి 3500, అంటే అర కిలో లోపు. వారానికి అర కిలో మించకుండా తగ్గడం క్షేమం. వైద్యుల పర్యవేక్షణ లేకుండా స్త్రీలు 1200కు, పురుషులు 1500కు తక్కువ తినకూడదన్నది సాధారణంగా చెప్పే హద్దు. అది హద్దే గానీ లక్ష్యం కాదని గుర్తుంచుకోండి.

మొదటి గమ్యం కూడా చిన్నదిగా పెట్టుకోండి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, బి.పి. ముప్పు తగ్గుతుంది. నాకు అది మూడున్నర నుంచి ఏడు కిలోలు.

1500 కేలరీలు పళ్ళెంలో ఎలా ఉంటాయి?

అంకె చెప్పి వదిలేస్తే లాభం లేదు. తూకం లేనివారు 100 మిల్లీలీటర్ల చిన్న టీ గ్లాసును కొలతగా పెట్టుకోవచ్చు. దాని నిండా బియ్యం సుమారు 80 గ్రాములు, అంటే 280 కేలరీలు. నా ఒక రోజు ఇలా గడిచేది:

ఉదయం మూడు ఇడ్లీలు, కొంచెం చట్నీ: 300. టీ: 65.
మధ్యాహ్నం టీ గ్లాసు బియ్యం వండిన అన్నం 280, పప్పు 85, రెండు చెంచాల నూనెతో కూర 130, మజ్జిగ 40: మొత్తం 535.
సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలు, ఒక జామకాయ: 150.
రాత్రి ముప్పావు గ్లాసు బియ్యం అన్నం 210, రెండు గుడ్లు 150, కూర 100: మొత్తం 460.

అన్నీ కలిపితే సుమారు 1510. చూడండి, అన్నం మానలేదు! రెండు పూటలా ఉంది. మాంసకృత్తులు కూడా 50 గ్రాములకు పైనే వచ్చాయి. వారానికోసారి గుడ్ల బదులు ఉప్పాడ నుంచి వచ్చే చేపల పులుసు తిన్నా మంచిదే, నూనె మీద కన్నేసి ఉంచితే చాలు. పళ్ళెంలో తగ్గింది అన్నం సగం, పెరిగింది పప్పు, కూర. పూర్తిగా పోయినవి అర్ధరాత్రి బిస్కెట్లు, సాయంత్రం బజ్జీలు, కూల్‌డ్రింకులు. కాజాల జోలికి పండగనాడే.

కేలరీలు సరిపోయినంత మాత్రాన అంతా సరిపోయినట్టు కాదు. దీనికి మన ప్రాంతమే సాక్ష్యం. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో బాగా పాలిష్ పట్టిన బియ్యం తినేవారికి బెరిబెరి జబ్బు వచ్చేది. తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడమే కారణం. ఇందాక చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ కూడా 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతోనే మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇక రక్తహీనత సంగతి చూస్తే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి అది ఉంది. కాబట్టి కోత పెట్టాల్సింది నూనె, పంచదార, మితిమీరిన అన్నంలో. ఆకుకూర, పప్పు, గుడ్డు, చేపల్లో కాదు.

ముల్లు కదలకపోతే?

రోజూ బరువు చూసుకుని దిగులుపడొద్దు. నీరు, ఉప్పు, నెలసరి వల్ల కిలో అటూ ఇటూ మారుతుంది. వారానికోసారి, ఒకే వేళ, ఉదయం పరగడుపున చూసుకోండి. నాలుగు వారాలు గడిచినా మార్పు లేకపోతే ముందు మరిచిపోయిన తిండిని వెతకండి. కూర మీద తేలే నూనె, స్నేహితురాలి ప్యాకెట్‌లోంచి తీసుకున్న చిప్స్ అన్నీ లెక్కే. అప్పటికీ తేడా లేకపోతే ఇంకో వంద తగ్గించండి, లేదా అరగంట నడవండి. నా బరువుకు అరగంట చురుకైన నడక వంద పైచిలుకు కేలరీలు ఖర్చు చేస్తుంది. నడిచాను కదా అని రెండు బజ్జీలు తింటే అది చెల్లు!

బరువు తగ్గేకొద్దీ అవసరమూ తగ్గుతుంది. 60 కిలోలకు వచ్చాక నా లెక్క 1920 నుంచి 1810కి దిగింది. నాకు ఈ ఎనిమిది కిలోలు తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో ఆరు వారాలు ముల్లు కదలనే లేదు.

అన్నిటికంటే కష్టమైనది ఇంట్లో. సెలవులకు వెళ్ళి, పళ్ళెంలో సగమే పెట్టించుకుంటే అమ్మ నా వైపు అదోలా చూసింది. "ఏంటే, అన్నం ఒగ్గేత్తన్నావ్? మా కూడు నచ్చట్లేదా?" అంది. అన్నం దొరకని రోజులు చూసిన మనిషి ఆమె. నేను కోపం తెచ్చుకోలేదు. "నువ్వు నాటేసి వచ్చావమ్మా, నేను కూర్చుని వచ్చాను" అన్నాను. అమ్మ నవ్వి, తీసేసిన అన్నం తన పళ్ళెంలో వేసుకుని, నాకు ఇంకో గరిటె పప్పు వేసింది. ఇప్పుడు నాన్నకూ అలాగే వడ్డిస్తోంది.

ఎవరు ఈ లెక్క పెట్టుకోకూడదు?

ఎదిగే పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, క్షయ వంటి జబ్బుతో చికిత్సలో ఉన్నవారు సొంతంగా తిండి తగ్గించకూడదు. షుగర్‌కు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా తిండి తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అక్కలూ, ఉద్యోగాల్లో స్థిరపడి ముప్పై, నలభై దాటినవారు ముందు ఒకసారి షుగర్, బి.పి., థైరాయిడ్ పరీక్ష చేయించుకుని మొదలుపెట్టండి.

ఇక తొమ్మిదో తరగతి చెల్లీ, నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు. 13–15 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు 2400 కేలరీలు కావాలని అదే పోషకాహార సంస్థ చెప్పింది. అది కూర్చుని పని చేసే పెద్దావిడకు కావలసిన దానికంటే ఎక్కువ! నీ ఎముక పెరగాలి, రక్తం పెరగాలి. నువ్వు చెప్పిన వెయ్యి అందులో సగం కూడా కాదు. నిజంగా బరువు ఎక్కువుందని డాక్టరు చెబితే ఆటస్థలంలో గంట ఆడు, చిరుతిళ్ళు మానెయ్. అంతేగానీ గంట కొట్టగానే పళ్ళెం, గ్లాసు పట్టుకుని లైన్లో నిలబడు. గుడ్డు పెట్టిన రోజు దాన్ని పక్కవాళ్ళకు ఇచ్చెయ్యకు. రాత్రి అన్నం మానకు.

తక్కువ తిన్నవాళ్ళు గొప్పవాళ్ళు కారు, ఎక్కువ తిన్నవాళ్ళు తప్పు చేసినవాళ్ళూ కారు. ఎవరి పనికి తగ్గ పళ్ళెం వారిది. ఈ నాలుగు మాటలు ఒక్క చెల్లెలికి ఉపయోగపడినా నా ప్రయత్నం ఫలించినట్టే.

మన హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అక్క,
పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ,
పిఠాపురం.